లోకల్ ప్రాక్సీ ఎవరి కళ్లు కప్పుతుంది, ఎవరివి కప్పదు

అమీర్‌పేట, ఎస్‌ఆర్ నగర్ హాస్టళ్లలో వైఫై పాస్‌వర్డ్ రహస్యమేమీ కాదు. మెస్ గోడ మీద అంటించే ఉంటుంది. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా చాలాచోట్ల కంపెనీ పెట్టి పంపిందే. డబ్ల్యూపీఏ2 పర్సనల్ అనే వైఫై భద్రతా పద్ధతిలో ఇది చిన్న విషయం కాదు. గోడ మీది పాస్‌వర్డ్ తెలిసినవాడు, పక్కగది లాప్‌టాప్ వైఫైకి కనెక్ట్ అయ్యేటప్పుడు జరిగే నాలుగంచెల హ్యాండ్‌షేక్‌ను (లాప్‌టాప్, రౌటర్ తాళంచెవులు ఖాయం చేసుకునే పలకరింపును) పట్టుకుంటే చాలు, ఆ తర్వాత గాలిలో వెళ్లే దాని ప్యాకెట్లను విప్పి చూడగలడు. డబ్ల్యూపీఏ3లో ఈ లొసుగు మూసేశారు గానీ హాస్టల్ రౌటర్‌ను ఎవరు మారుస్తారు? ఇలాంటి చోట్ల తరచూ వినబడే సలహా ఒకటుంది: "లోకల్ ప్రాక్సీ వేసుకో, అంతా ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది." అందులో సగం నిజం. ఏ సగమో తేల్చుకోకుండా వేసుకుంటే అప్పటిదాకా ఉన్న భద్రత కూడా పోవచ్చు.

లోకల్ ప్రాక్సీ అంటే మన మెషీన్‌లోనే నడిచే ఒక ప్రోగ్రామ్. 127.0.0.1 అనే సొంత అడ్రస్ మీద ఒక పోర్టు, అంటే నంబరున్న ఒక ద్వారం, తెరిచి కూర్చుంటుంది. బ్రౌజర్ తన అభ్యర్థనను నేరుగా బయటికి పంపకుండా దీని చేతిలో పెడుతుంది. ప్రకటనలను, ట్రాకర్లను వడపోసే ప్రివాక్సీ 8118 పోర్టు మీద వింటుంది, మనమెవరో దాచే టోర్ 9050 మీద, టోర్ బ్రౌజర్‌తో వచ్చే టోర్ 9150 మీద. దూరపు సర్వర్‌కు తాళం వేసిన కనెక్షన్ పెట్టే ఎస్‌ఎస్‌హెచ్‌తో తెరిచే సాక్స్ అనే రకం ప్రాక్సీ దారికి 1080 వాడటం అలవాటు. రాకపోకలను తెరిచి చూపే ఎంఐటీఎం ప్రాక్సీది 8080. అమీర్‌పేటలో జావా నేర్చుకునే వాళ్ల లాప్‌టాప్‌లో ఆ 8080ని టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్ ముందే ఆక్రమించి ఉంటుంది కాబట్టి అక్కడ పోర్టు మార్చక తప్పదు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. బ్రౌజర్ నుంచి ప్రాక్సీ దాకా వెళ్లేది మెషీన్ దాటదు, దాన్ని దాచాల్సిన పని లేదు. ప్రాక్సీ నుంచి బయటికి వెళ్లేది మాత్రం అదే హాస్టల్ వైఫై మీద, అదే ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ) ఫైబర్ మీద వెళ్తుంది. ఎన్‌క్రిప్షన్‌కు, అంటే సమాచారాన్ని తాళం వేసి పంపడానికి, రెండు కొసలుండాలి. ఈ కొసన తాళం వేస్తే అవతలి కొసన తీసేవాడు ఒకడుండాలి. అవతల ఎవరూ లేని లోకల్ ప్రాక్సీ కొత్తగా ఒక్క బైటును కూడా ఎన్‌క్రిప్ట్ చేయలేదు. కాబట్టి ఏ ప్రాక్సీ గురించైనా మొదట అడగాల్సింది దాని రెండో కొస ఎక్కడుందనే.

హెచ్‌టీటీపీఎస్ తర్వాత ఇంకా బయట మిగిలేవి

2010లో ఫైర్‌షీప్ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వచ్చినప్పుడు, కాఫీ షాపు వైఫైలో పక్కవాడి ఫేస్‌బుక్ సెషన్‌లోకి ఒక్క క్లిక్‌తో దూరడం సాధ్యమైంది. లాగిన్ పేజీ మాత్రమే తాళం వేసిన హెచ్‌టీటీపీఎస్‌లో ఉండి, ఆ తర్వాత లాగిన్‌ను గుర్తుంచే కుకీలు బట్టబయలుగా తిరిగిన రోజులవి. ఇప్పుడు బ్యాంకు నుంచి వార్తల సైటు దాకా దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్సే. పాస్‌వర్డ్, పేజీలోని విషయం, యూఆర్‌ఎల్‌లో డొమైన్ తర్వాతి భాగం హాస్టల్ రౌటర్‌కు గానీ ఐఎస్‌పీకి గానీ కనబడవు. మరి కనబడేదేమిటి?

ఒక్క పేజీ తెరవడాన్ని దగ్గరనుంచి చూస్తే తెలుస్తుంది. మొదట ఆ సైటు ఐపీ అడ్రస్ కోసం డీఎన్‌ఎస్ ప్రశ్న వెళ్తుంది. మామూలుగా ఇది యూడీపీ 53 పోర్టు మీద, ఏ తాళమూ లేకుండా వెళ్తుంది కాబట్టి సైటు పేరు యథాతథంగా చదువుకోవచ్చు. తర్వాత ఆ ఐపీకి టీసీపీ కనెక్షన్. ఇందులో అడ్రస్ కనబడుతుంది. ఆపైన హెచ్‌టీటీపీఎస్ తాళం వేసే టీఎల్‌ఎస్ పద్ధతి మొదటి పలకరింపు, అంటే క్లయింట్ హలో. అందులో ఎస్‌ఎన్‌ఐ అనే గడిలో సైటు పేరు మళ్లీ తెరిచే ఉంటుంది. 2018లో వచ్చిన టీఎల్‌ఎస్ 1.3 సర్వర్ పంపే సర్టిఫికెట్‌ను (సైటు అసలుదేనని చూపే పత్రాన్ని) దాచింది గానీ ఎస్‌ఎన్‌ఐని దాచలేదు. ఆపైన ఎన్ని కిలోబైట్లు, ఎంతసేపు, ఏ సమయంలో అన్న లెక్కలు ఎలాగూ తెలుస్తాయి. దేశంలో సైట్లను ఆపడానికి ఐఎస్‌పీలు డీఎన్‌ఎస్‌తో పాటు ఎస్‌ఎన్‌ఐని కూడా చూస్తున్నాయని 2019లోనే పరిశోధకులు చూపించారు. అంటే ఆ గడిని చదివే యంత్రాలు దారిలో ఉన్నాయన్నమాట.

ఈ లెక్కన లోకల్ ప్రాక్సీ పూడ్చగల ఖాళీలు మూడు: డీఎన్‌ఎస్, సైటు పేరు, గమ్యం ఐపీ. మొదటిది సులువు. మిగతా రెంటికీ బయట ఎక్కడో ఇంకో మెషీన్ కావాలి.

డీఎన్‌ఎస్‌తో మొదలుపెట్టడమే తెలివి

తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితమిచ్చేది వెబ్ ప్రాక్సీ కన్నా డీఎన్‌ఎస్ ప్రాక్సీయే. డీఎన్‌ఎస్‌క్రిప్ట్ ప్రాక్సీ అనే ఉచిత ప్రోగ్రామ్ 127.0.0.1 మీద 53 పోర్టులో కూర్చుని, మెషీన్‌లోని అన్ని అప్లికేషన్ల డీఎన్‌ఎస్ ప్రశ్నలనూ తీసుకుని, డీఎన్‌ఎస్‌క్రిప్ట్ లేదా డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ అనే తాళం వేసిన రూపంలో బయటి రిజాల్వర్‌కు (డీఎన్‌ఎస్ ప్రశ్నలకు జవాబిచ్చే సర్వర్‌కు) పంపుతుంది. రెండో కొస స్పష్టంగా ఉంది: ఆ రిజాల్వర్. హాస్టల్ రౌటర్‌కు, ఐఎస్‌పీకి ఇక ప్రశ్న కనబడదు. రిజాల్వర్ నడిపేవాడికి కనబడుతుంది. నమ్మకం ఒకరి నుంచి ఇంకొకరికి మారిందే తప్ప అవసరం లేకుండా పోలేదు.

పెట్టుకోవడం కష్టం కాదు. డౌన్‌లోడ్ చేసిన ఫోల్డర్‌లో "ఎగ్జాంపుల్" అన్న పేరుతో మొదలయ్యే టామ్ల్ సెట్టింగుల ఫైలుంటుంది. పేరులోంచి ఆ మొదటి మాట తీసేస్తే అదే అసలు సెట్టింగుల ఫైలవుతుంది. అందులో వినే అడ్రస్‌ల వరుసలో 127.0.0.1:53తో పాటు ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రస్ పద్ధతి) సొంత అడ్రస్ కూడా చేర్చాలి. లాగ్ (ప్రశ్నల చిట్టా) ఉంచుకోని సర్వర్లే కావాలని, వడపోయని సర్వర్లే కావాలని, డీఎన్‌ఎస్‌సెక్ (జవాబు దారిలో మారలేదని సంతకంతో సరిచూసే పద్ధతి) ఉన్నవే కావాలని మూడు విడివిడి షరతులుంటాయి. మొదటి రెండూ ఆన్ చేసి ఉంచడం మంచిది. లాగ్ ఉంచుకోం అని చెప్పేది సర్వర్ నడిపేవాళ్లే, ఎవరూ తనిఖీ చేసి ఇచ్చిన మాట కాదు. ఫైల్ సేవ్ చేశాక సర్వీస్ ఇన్‌స్టాల్, సర్వీస్ స్టార్ట్ ఆదేశాలు ఇచ్చి, రిజాల్వ్ ఆప్షన్‌తో ఏదో ఒక సైటు పేరు అడిగి జవాబు వస్తోందో లేదో చూడాలి. అది పనిచేశాకే నెట్‌వర్క్ సెట్టింగుల్లో డీఎన్‌ఎస్‌ను 127.0.0.1కి మార్చాలి. వరుస తిరగేస్తే నెట్ పోతుంది, సమాధానం వెతుక్కోవడానికి కూడా నెట్ ఉండదు.

చెడిపోయే తీరులు ఇక్కడ చాలానే ఉన్నాయి. అన్నిటికన్నా తరచు జరిగేది ఐపీవీ6 పొరపాటు. మన దగ్గర మొబైల్ నెట్‌వర్కుల్లో, చాలా ఫైబర్ కనెక్షన్లలో ఐపీవీ6 ఆన్‌లోనే ఉంటుంది. రౌటర్ ఐపీవీ4 డీఎన్‌ఎస్‌తో పాటు ఐపీవీ6 డీఎన్‌ఎస్‌నూ లాప్‌టాప్‌కు అందిస్తుంది. వాడేవాళ్లు ఐపీవీ4 గడి మాత్రమే మార్చి పని అయిపోయిందనుకుంటారు. ప్రశ్నలు మాత్రం రెండో గడి గుండా ఎప్పటిలా బట్టబయలుగా ఐఎస్‌పీకి వెళ్తూనే ఉంటాయి. తాళం వేసితిని, గొళ్లెం మరిచితిని అన్నది అచ్చంగా ఇదే.

లినక్స్‌లో మెలిక వేరు. ఉబుంటులో సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ అనే డీఎన్‌ఎస్ సర్వీసు 127.0.0.53 మీద వింటుంది. డీఎన్‌ఎస్‌క్రిప్ట్ ప్రాక్సీది 127.0.0.1. రెండూ వేర్వేరు అడ్రస్‌లు కాబట్టి గొడవ పడవు, ఎర్రర్ రాదు. కానీ రిజాల్వ్ కాన్ఫ్ ఫైలు ఇంకా 53తో ముగిసే అడ్రస్‌నే చూపిస్తుంటుంది, ప్రశ్నలన్నీ పాత దారిలోనే పోతుంటాయి. కొత్త ప్రోగ్రామ్ పనిలేకుండా నడుస్తుంటుంది. విండోస్‌లో మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే దాని ఇంటర్నెట్ షేరింగ్ సర్వీసు 53 పోర్టును పట్టుకోవచ్చు. అప్పుడు మాత్రం పోర్టు ఖాళీ లేదన్న ఎర్రర్ స్పష్టంగానే వస్తుంది.

ఇంకొకటి, చెబితే నవ్వొచ్చేది: గడియారం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న పాత లాప్‌టాప్‌లో గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయి ఉంటే, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్లు వెనక్కి పోతుంది. ఆ తేదీన రిజాల్వర్ సర్టిఫికెట్ చెల్లదు, కనెక్షన్ కుదరదు. డీఎన్‌ఎస్ లేదు కాబట్టి టైమ్ సర్వర్ పేరు కూడా దొరకదు, గడియారం సరికాదు. చేత్తో తేదీ సరిచేస్తే అన్నీ కదులుతాయి. శాశ్వత పరిష్కారం ఆ బిళ్ల బ్యాటరీ మార్చడమే.

రైల్వే స్టేషన్, మాల్, ఆస్పత్రి వైఫైలలో మొదట ఒక లాగిన్ పేజీ వచ్చి, ఫోన్ నంబరు, ఓటీపీ అడుగుతుంది కదా. ఆ పేజీ తెరిపించడానికి ఆ నెట్‌వర్క్ డీఎన్‌ఎస్ జవాబులనే మార్చి పంపుతుంది. డీఎన్‌ఎస్ ప్రాక్సీ ఆ మార్చిన జవాబులను తీసుకోదు కాబట్టి పేజీ రాదు, వైఫై కనెక్ట్ అయినా నెట్ ఉండదు. డీఎన్‌ఎస్‌క్రిప్ట్ ప్రాక్సీలో ఇలాంటి పేజీల కోసం విడిగా ఒక జాబితా ఫైలు ఉంది, దాన్ని ఆన్ చేసుకోవాలి. లేదా లాగిన్ అయ్యేవరకు డీఎన్‌ఎస్‌ను ఆటోమేటిక్‌కు మార్చి, తర్వాత తిరిగి పెట్టుకోవాలి. ఓటీపీ ఇచ్చాక ఆ నెట్‌వర్క్‌కు మనమెవరో తెలిసిపోయినట్టే, ఏ ప్రాక్సీ కూడా దాన్ని వెనక్కి తీసుకోలేదు.

ప్రివాక్సీ: పాత కాపలాదారు, కొత్త కాలం

వెబ్ ప్రాక్సీల్లో పాత పేరు ప్రివాక్సీ. ఇంటర్నెట్ జంక్‌బస్టర్ అనే ప్రోగ్రామ్ కోడ్ మీద కట్టిన ఇది 2002లో 3.0 రూపంలో వచ్చింది. విండోస్ వాళ్లకు అప్పట్లో ప్రాక్సోమిట్రాన్ ఉండేది, అది 2003తో ఆగిపోయింది. వెబ్ అంతా హెచ్‌టీటీపీలో నడిచిన ఆ కాలంలో ఈ ప్రాక్సీలు ప్రతి పేజీలోకి చెయ్యిపెట్టి ప్రకటనలు పీకేసేవి, కుకీలు కత్తిరించేవి, ఏ పేజీ నుంచి వచ్చామో చెప్పే రిఫరర్ హెడర్ మార్చేసేవి.

ఇప్పుడు బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్ సైటు కోసం ప్రాక్సీకి పంపేది "కనెక్ట్" అనే ఒక్క ఆదేశం: ఫలానా డొమైన్, 443 పోర్టు, గొట్టం తెరువు. ఆ తర్వాత గొట్టంలో వెళ్లేదంతా తాళం వేసిన సరుకే. ప్రివాక్సీకి డొమైన్ పేరు తప్ప ఏదీ తెలియదు. కాబట్టి దారి భాగం ఉన్న నియమాలు, హెడర్ మార్పులు, పేజీ వడపోతలు ఏవీ పనిచేయవు. డొమైన్ మొత్తాన్ని ఆపడం ఒక్కటే మిగులుతుంది. ఇదేమీ చిన్నచూపు చూడాల్సిన పని కాదు. క్రోమ్ పాత ఎక్స్‌టెన్షన్ పద్ధతిని 2024 నుంచి దశలవారీగా ఆపేయడంతో ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపం అందులో నడవడం లేదు. ట్రాకర్ డొమైన్లను బ్రౌజర్ బయటే ఆపే ప్రాక్సీకి అందుకే మళ్లీ గిరాకీ వచ్చింది.

యూజర్ యాక్షన్ అనే ఫైలులో రాసే నియమం రెండు వరుసలే. మొదటి వరుసలో మీసాల బ్రాకెట్లలో ప్లస్ గుర్తుతో బ్లాక్ అన్న ఆదేశం, కారణం. రెండో వరుసలో డొమైన్. డొమైన్ ముందు ఒక చుక్క పెడితే దాని సబ్‌డొమైన్లన్నీ కలిసొస్తాయి, చుక్క మరిచిపోతే ఆ ఒక్క పేరే ఆగుతుంది. డీఫాల్ట్ యాక్షన్ ఫైలులో మాత్రం చెయ్యిపెట్టకూడదు, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు రాసిందంతా పోతుంది. ఆపిన హెచ్‌టీటీపీఎస్ సైటుకు ప్రివాక్సీ సొంత "బ్లాక్డ్" పేజీ కనబడదని కూడా గుర్తుంచుకోవాలి. గొట్టం తెరుచుకోలేదని బ్రౌజర్ తన భాషలో ఒక ఎర్రర్ చూపిస్తుంది. చాలామంది దాన్ని చూసి నెట్ పోయిందనుకుంటారు.

వినే అడ్రస్ విషయంలో ఒక్క తప్పు చాలా ఖరీదైనది. ఫోన్‌లో కూడా వాడుకుందామని 127.0.0.1 బదులు 0.0.0.0 పెడితే హాస్టల్ వైఫైలో ఉన్నవాళ్లందరికీ అది ఉచిత ప్రాక్సీ అయిపోతుంది. వాళ్లు చేసేదంతా ఆ లాప్‌టాప్ పేరు మీదే బయటికి వెళ్తుంది. లినక్స్‌లో ఎస్‌ఎస్ ఆదేశంతో, విండోస్‌లో నెట్‌స్టాట్‌తో 8118 ఎదుట ఏ అడ్రస్ ఉందో ఒకసారి చూసుకోవడం నిమిషం పని.

ప్రాక్సీ పెట్టడం వల్ల పోయేది కూడా ఒకటుంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. ఎస్‌ఎన్‌ఐలోని సైటు పేరును దాచే ఈసీహెచ్ పద్ధతిని 2023లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ అందుబాటులోకి తెచ్చాయి. అది పనిచేయాలంటే సైటు తాళంచెవిని బ్రౌజర్ ముందుగా డీఎన్‌ఎస్ నుంచి తెచ్చుకోవాలి. హెచ్‌టీటీపీ ప్రాక్సీ పెట్టాక సైటు పేరును వెతికే పని ప్రాక్సీది అవుతుంది, బ్రౌజర్ సాధారణంగా డీఎన్‌ఎస్ జోలికే పోదు. తాళంచెవి రాదు, ఈసీహెచ్ జరగదు, పేరు మళ్లీ తెరిచిన గడిలోకి వస్తుంది. అలాగే యూడీపీ మీద నడిచే హెచ్‌టీటీపీ/3 కూడా ఆగి, బ్రౌజర్ టీసీపీకి దిగుతుంది. ఈసీహెచ్ ఇచ్చే సైట్లు ఇంకా కొన్నే కాబట్టి నష్టం పరిమితమే. కానీ "ప్రాక్సీ పెడితే గోప్యత పెరుగుతుంది, తగ్గే ప్రశ్నే లేదు" అనుకునేవాళ్లకు ఇది కనువిప్పు.

తాళం పగలగొట్టి లోపల చూడటం

డొమైన్ ఆపడం చాలదు, పేజీ లోపలికి వెళ్లాలనుకుంటే హెచ్‌టీటీపీఎస్ ఇన్‌స్పెక్షన్ ఆన్ చేయాలి. ప్రివాక్సీ 2020లో 3.0.29 నుంచి దీన్ని ఇస్తోంది. ప్రాక్సీ ప్రతి సైటుకూ అప్పటికప్పుడు ఒక నకిలీ సర్టిఫికెట్ తయారుచేసి బ్రౌజర్‌కు చూపిస్తుంది. అసలు సైటుతో తానే ఇంకో టీఎల్‌ఎస్ కనెక్షన్ పెట్టుకుంటుంది. మధ్యలో అంతా దాని ముందు తెరిచిన పుస్తకమే. బ్రౌజర్ ఆ నకిలీని నమ్మాలంటే మన చేత్తో తయారుచేసిన రూట్ సర్టిఫికెట్‌ను (మిగతావాటికి పూచీ ఇచ్చే మూల సర్టిఫికెట్‌ను) బ్రౌజర్ నమ్మకపు జాబితాలో చేర్చాలి.

పని క్రమం ఇది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రామ్‌తో ఒక సీఏ (సర్టిఫికెట్లు జారీచేసే సంస్థ) కీ, సర్టిఫికెట్ తయారుచేసి, కీకి పాస్‌వర్డ్ పెట్టాలి. ప్రివాక్సీ కాన్ఫిగ్‌లో సీఏ ఫోల్డర్, సర్టిఫికెట్ ఫైలు, కీ ఫైలు, పాస్‌వర్డ్, తయారైన నకిలీలు దాచే ఫోల్డర్ చూపించాలి. అసలు సైట్ల సర్టిఫికెట్లను సరిచూడటానికి నమ్మదగిన సీఏల జాబితా ఫైలు కూడా ఇవ్వాలి. ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. ఇన్‌స్పెక్షన్ ఆన్ చేశాక సైటు అసలుదా నకిలీదా అని తేల్చే బాధ్యత బ్రౌజర్ చేతుల్లోంచి జారి ప్రివాక్సీ మీద పడుతుంది. బ్రౌజర్ కంపెనీలు ఎప్పటికప్పుడు సరిచేసే జాబితా ఒకటైతే, మనం ఒకసారి కాపీ చేసి మరిచిపోయిన ఫైలు ఇంకొకటి. ఆ ఫైలు పాతబడి మంచి సైట్లు కూడా తెరుచుకోనప్పుడు, సర్టిఫికెట్ తప్పులను పట్టించుకోవద్దనే ఆదేశం ఆన్ చేసేయాలనిపిస్తుంది. ఆన్ చేసిన క్షణంలో హెచ్‌టీటీపీఎస్‌కు అర్థమే లేదు. హాస్టల్ రౌటర్‌లో కూర్చున్నవాడు ఏ సర్టిఫికెట్ చూపినా ప్రాక్సీ సరేననేస్తుంది, బ్రౌజర్‌లో మాత్రం తాళం గుర్తు ఎప్పటిలాగే దర్జాగా ఉంటుంది.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. 2015లో బయటపడిన సూపర్‌ఫిష్ వ్యవహారంలో, లెనోవో లాప్‌టాప్‌లలో ప్రకటనల కోసం ముందే పెట్టి అమ్మిన లోకల్ ప్రాక్సీ అన్ని మెషీన్లలోనూ ఒకే రూట్ సర్టిఫికెట్, ఒకే రహస్య కీ వాడింది. ఆ కీని ఒక్క మెషీన్‌లోంచి బయటికి తీస్తే చాలు, మిగతా అన్నిటినీ మోసం చేయొచ్చు. కీకి పెట్టిన పాస్‌వర్డ్ ఆ ప్రాక్సీ భాగాన్ని తయారుచేసిన కంపెనీ పేరే. 2017లో ఎన్‌డీఎస్‌ఎస్ అనే కంప్యూటర్ భద్రతా సదస్సులో వచ్చిన ఒక విస్తృత అధ్యయనం యాంటీవైరస్‌లు, ఆఫీసు ప్రాక్సీలు ఇలా మధ్యలో దూరిన కనెక్షన్లలో ఎక్కువ భాగం అసలు బ్రౌజర్ కనెక్షన్ కన్నా బలహీనపడ్డాయని తేల్చింది. భద్రత పేరుతో అమ్మే సాఫ్ట్‌వేర్ కూడా ఈ పని సరిగ్గా చేయలేకపోతే, ఆదివారం మధ్యాహ్నం ఒక గైడు చూసి చేసుకున్న సెటప్ మీద ఎంత ఆశ పెట్టుకోవాలి?

ఆనవాలు సంగతి కూడా ఉంది. టీఎల్‌ఎస్ పలకరింపులో ఏ సైఫర్లు (తాళం రకాలు), ఏ ఎక్స్‌టెన్షన్లు, ఏ వరుసలో వచ్చాయన్నదాన్ని బట్టి అవతలిది క్రోమా, ఫైర్‌ఫాక్సా, ఇంకేదైనా ప్రోగ్రామా అని సర్వర్ గుర్తుపడుతుంది. 2017లో వచ్చిన జేఏ3 లాంటి పద్ధతులు చేసేది ఇదే. ఇన్‌స్పెక్షన్ ఆన్ చేస్తే హెడర్ తాను క్రోమ్‌నని చెబుతుంది, పలకరింపు మాత్రం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ యాసలో వస్తుంది. దానికితోడు బ్రౌజర్ పేరు చెప్పే యూజర్ ఏజెంట్ హెడర్‌ను ప్రాక్సీలో మార్చితే, పేజీలోని జావాస్క్రిప్ట్ అడిగినప్పుడు బ్రౌజర్ అసలు పేరే చెబుతుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. లక్షలమంది మామూలు క్రోమ్‌ల గుంపులో కలిసిపోవాల్సింది పోయి, ఒక్కడుగా నిలబడి క్యాప్చాల మీద క్యాప్చాలు నింపుతూ కూర్చోవాలి. ప్రివాక్సీకి వేగం పెంచే హెచ్‌టీటీపీ/2 రాదు కాబట్టి పేజీలు నెమ్మదించడం అదనం.

ఇంత చెప్పాక కూడా ఇన్‌స్పెక్షన్‌కు ఒక మంచి వాడకముంది: ఒక అప్లికేషన్ బయటికి ఏమేం పంపుతోందో చూడటం. దానికి ఎంఐటీఎం ప్రాక్సీ మేలు. రోజూ వాడే ప్రొఫైల్‌లో కాకుండా, ఫైర్‌ఫాక్స్‌లో విడిగా ఒక ప్రొఫైల్ తెరిచి, రూట్ సర్టిఫికెట్‌ను అందులో మాత్రమే చేర్చి, పని కాగానే ప్రొఫైల్‌ను తుడిచేయాలి. ఫైర్‌ఫాక్స్‌కు సొంత సర్టిఫికెట్ జాబితా ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. రోజువారీగా ఇన్‌స్పెక్షన్ వాడి తీరాలనుకునేవారు బ్యాంకులు, డీమ్యాట్, ఆధార్, డిజిలాకర్, ఈపీఎఫ్‌ఓ, ఆస్పత్రి పోర్టళ్లను మైనస్ గుర్తు నియమంతో బయట పెట్టాలి. సీఏను మార్చినప్పుడు పాత నకిలీల ఫోల్డర్ ఖాళీ చేయడం మరిచిపోతే సగం సైట్లు తెరుచుకుని సగం ఎర్రర్ ఇస్తాయి.

ఆఫీసు లాప్‌టాప్ కథ వేరు. మాదాపూర్, గచ్చిబౌలిలో చాలా కంపెనీలు తమ రూట్ సర్టిఫికెట్‌ను ముందే వేసి ఇస్తాయి. అక్కడ తాళం గుర్తు మీద నొక్కి సర్టిఫికెట్ ఎవరు జారీచేశారో చూస్తే కంపెనీ పేరో, దాని భద్రతా సాఫ్ట్‌వేర్ పేరో కనబడుతుంది. అలాంటి మెషీన్‌లో ఏ లోకల్ ప్రాక్సీ వేసినా కంపెనీ కన్ను తప్పదు, పైగా నిబంధనల ఉల్లంఘన అవుతుంది. సొంత పనులు సొంత ఫోన్‌లో చూసుకోవడమే.

రెండో కొస ఎక్కడ పెట్టాలి

సైటు పేరు, గమ్యం ఐపీ కూడా దాగాలంటే లోకల్ ప్రాక్సీ తన సరుకును దూరంగా ఉన్న ఇంకో మెషీన్‌కు తాళం వేసి పంపాలి. అందరికీ తెలిసిన దారులు రెండు.

మొదటిది ఎస్‌ఎస్‌హెచ్. అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్ ఉంటే, ఎస్‌ఎస్‌హెచ్ ఆదేశంలో పెద్ద డి ఆప్షన్ ఇచ్చి 127.0.0.1:1080 అని రాస్తే సాక్స్ ప్రాక్సీ తయారవుతుంది. షెల్ అక్కర్లేదు కాబట్టి పెద్ద ఎన్ ఆప్షన్ కూడా. ఖాళీగా ఉన్న కనెక్షన్లను మన నెట్‌వర్కుల్లోని షేరింగ్ పరికరాలు కాసేపటికి తెంపేస్తాయి కాబట్టి, సర్వర్ అలైవ్ ఇంటర్వెల్‌ను 60 సెకన్లు పెట్టాలి. ఫైర్‌ఫాక్స్‌లో సాక్స్ 5 ఎంచుకుని, డీఎన్‌ఎస్‌ను కూడా ప్రాక్సీ గుండా పంపమనే గడిలో టిక్ ఉందో లేదో చూడాలి. అది లేకపోతే పేజీ సొరంగంలో వెళ్తుంది, పేరు మాత్రం బయట అరుచుకుంటూ వెళ్తుంది. ఏ సైటుకు ఏ దారో చెప్పే పీఏసీ ఫైలు వాడేవారు చివర్లో "డైరెక్ట్" అన్న మాట ఉంచితే, సొరంగం తెగిన వెంటనే బ్రౌజర్ చెప్పాపెట్టకుండా మామూలు దారి పడుతుంది. ఆ మాట తీసేస్తే పేజీ ఆగిపోతుంది. ఆగిపోవడమే మనకు కావాల్సింది.

ఇక్కడ సర్వర్ ఎక్కడుందన్నది ప్రశ్న. అమెజాన్ క్లౌడ్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే రీజియన్ తెరిచింది కాబట్టి ఆలస్యం కొద్ది మిల్లీసెకన్లే. వేగానికి బాగానే ఉంటుంది, అజ్ఞాతానికి పనికిరాదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా సెంటర్లు, వీపీఎస్ (అద్దె సర్వర్), క్లౌడ్, వీపీఎన్ సంస్థలు వాడకందారుల పేరు, చిరునామా, కేటాయించిన ఐపీల వివరాలు అయిదేళ్లు భద్రపరచాలి. ఈ నిబంధన ఆ ఏడాది సెప్టెంబరు 25 నుంచి అమల్లోకి వచ్చింది. దీని కారణంగా కొన్ని వీపీఎన్ సంస్థలు దేశంలోని సర్వర్లనే తీసేశాయి. హాస్టల్ వైఫై నుంచి తప్పించుకోవడమే లక్ష్యమైతే సొంత సర్వర్ చక్కగా సరిపోతుంది. ఆ సర్వర్ ఐపీ మన ఒక్కరి పేరు మీదే ఉంటుంది కాబట్టి, సైట్ల దృష్టిలో మనం మునుపటికన్నా సులువుగా గుర్తుపట్టే మనిషిమి.

రెండోది టోర్. మూడు రిలేల (మధ్యవర్తి మెషీన్ల) గుండా వెళ్తుంది కాబట్టి ఏ ఒక్కరికీ మొదలూ చివరా రెండూ తెలియవు. ప్రివాక్సీని టోర్‌కు జతచేయడానికి కాన్ఫిగ్‌లో ఒక్క వరుస చాలు: ఫార్వర్డ్ సాక్స్5టీ అన్న ఆదేశం, ఒక స్లాష్, 127.0.0.1:9050, ఆ తర్వాత ఖాళీ వదిలి ఒక చుక్క. దీని తర్వాత ఇంకో హెచ్‌టీటీపీ ప్రాక్సీ లేదని ఆ చుక్క చెబుతుంది. దాన్ని అచ్చుతప్పనుకుని తీసేస్తే సెట్టింగ్ పనిచేయదు. అయితే మామూలు క్రోమ్‌ను ఇలా టోర్ గుండా నడపడం ఒకప్పటి అలవాటు, ఇప్పుడు చేయదగింది కాదు. ఐపీ మారినా ఫాంట్లు, స్క్రీన్ కొలతలు, లాగిన్లు అన్నీ పాతవే. బ్రౌజర్‌లో వీడియో కాల్స్ నడిపే వెబ్‌ఆర్‌టీసీ యూడీపీ మీద ప్రాక్సీని దాటేసి అసలు ఐపీని బయటపెట్టవచ్చు. టోర్ కావాలంటే టోర్ బ్రౌజరే వాడాలి. ప్రివాక్సీ జత ఆర్‌ఎస్‌ఎస్ రీడర్, ప్యాకేజీ అప్‌డేట్ల లాంటి బ్రౌజర్ కాని ప్రోగ్రామ్‌లకు పనికొస్తుంది.

ఫోన్‌లో ఈ కథ చాలా కురచ. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్‌ఎస్ సెట్టింగ్ ఉంది, 853 పోర్టు మీద టీఎల్‌ఎస్‌తో వెళ్తుంది. అదొక్కటి పెట్టుకుంటే చాలామందికి సరిపోతుంది. వైఫై ప్రాక్సీ గడిని చాలా యాప్‌లు లెక్కచేయవు. ఆండ్రాయిడ్ 7 నుంచి మనం చేర్చిన రూట్ సర్టిఫికెట్లను యాప్‌లు మామూలుగా నమ్మవు. రీథింక్ లాంటి యాప్‌లు ఫోన్‌లోనే వీపీఎన్ వేషంలో కూర్చుని యాప్‌వారీగా ఆపగలవు గానీ, ఒకసారి ఒక వీపీఎన్‌కే చోటు కాబట్టి వేరే వీపీఎన్ యాప్‌ను పక్కన పెట్టాలి.

ఏది పెట్టుకున్నా పనిచేస్తోందా లేదా అన్నది వెబ్‌సైటు పరీక్షలకన్నా, వెళ్లే ప్యాకెట్లను చూపే వైర్‌షార్క్ ప్రోగ్రామ్ నికరంగా చెబుతుంది. లూప్‌బ్యాక్ (మెషీన్ లోపలి దారి) కాకుండా వైఫై ఇంటర్‌ఫేస్‌నే ఎంచుకుని, 53 పోర్టుకు ఫిల్టర్ పెట్టి, అయిదు నిమిషాలు మామూలుగా బ్రౌజ్ చేయాలి. తెర ఖాళీగా ఉంటే డీఎన్‌ఎస్ దాగినట్టు. ఏవో వరుసలు వస్తుంటే వాటి గమ్యం ఐపీవీ6 అడ్రస్సేమో మొదట చూడాలి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. తర్వాత క్లయింట్ హలోలకు ఫిల్టర్ మార్చి చూస్తే, ఎస్‌ఎస్‌హెచ్ లేదా టోర్ నడుస్తున్నప్పుడు బ్రౌజర్ తెరిచిన సైట్ల పేర్లు అందులో ఉండకూడదు. డీఎన్‌ఎస్ ప్రాక్సీ ఒక్కటే పెట్టుకున్నవాళ్లకు ఉంటాయి, ఉండాలి కూడా.

తీసేసేటప్పుడు వరుస తిరగబడుతుంది. ముందు బ్రౌజర్, సిస్టమ్ ప్రాక్సీ గడులు ఖాళీ చేయాలి. డీఎన్‌ఎస్‌ను రెండు గడుల్లోనూ ఆటోమేటిక్‌కు మార్చాలి, ఆ తర్వాతే ప్రోగ్రామ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. రూట్ సర్టిఫికెట్ దానంతటది పోదు. విండోస్ జాబితాలో ఒకసారి, ఫైర్‌ఫాక్స్ జాబితాలో ఒకసారి వెతికి తీయాలి, సీఏ కీ ఫైలును బ్యాకప్ డ్రైవ్‌లో కూడా చూసి చెరిపేయాలి.